సుక్రిని అమ్మమ్మ కాడ దిగబెట్టిన ఏడు

నేను అడిగింది ఒక్కటే. అమ్మమ్మా, అమ్మ చిన్నప్పుడు కోతిపిల్లతో కలిసి పాలు తాగిందంట, మామయ్య చెప్పాడు, నిజమేనా? అంతే, మొదలెట్టేసింది. ఆమె ఎలా అంటే అలాగే ఫోన్లో కొట్టేస్తున్నా, స్పెల్లింగులు నన్నడగొద్దు.

ఎవుడు సెప్పినాడు? మీ మావయ్యా? ఆడు అప్పటికి పుట్టనేదు. పుట్టనోడు సాచ్చికం సెప్తే నువ్వు ఇనీసినావు. కూకో. ఆ ఫోను మొకానికి అడ్డం ఎట్టకు. కొట్టుకుంటే కొట్టుకో, కానీ నాకు నీ కళ్ళు అవుపడాల. గోడతో సెప్పుకున్నట్టు ఉంతాది నేకపోతే.

నిజమే. కానీ కలిసి కాదు. ముందు మీయమ్మ తాగీది, తరవాత అది. వరస ఉన్నాది దానికి.

ఎప్పుడంటే, మీయమ్మ పుట్టిన ఏడు. తొంభయ్యొకటో, రెండో. బడిలో ఒకటని రాసీసినారు. ఆ మేస్టరు మమ్మల్ని అడగనేదు, మీయమ్మ నోరు తెరిపించి పళ్ళు సూసి రాసీసినాడు, మేకకి సూసినట్టు. సరే, అది వేరే సంగతి.

అప్పుడీ రోడ్డు నేదు. హుకుంపేట సంతకి తెల్లారకుండా బయలెల్తే ఎండెక్కేక సేరీవోళ్ళం. కాఫీ మొక్కలు అప్పుడే పంచుతన్నారు గవర్నమెంటోళ్ళు. మాయమ్మ ఒక పండు నమిలి, గింజ ఉమ్మీసి, ఇది తినీదీ కాదు, నారకీ పనికిరాదు, ఎందుకిచ్చినట్టు అన్నాది. మాయమ్మని ఊరంతా ముసలమ్మ అనీది, నానూ అదే అంతాను, నేకపోతే మాయమ్మా మీయమ్మా అని నువ్వు కలిపీసి కొట్టీగలవు.

ఇంట్లో నలుగురం. ముసలమ్మ, నాను, మీ తాత, వొళ్ళో మీయమ్మ. పక్కింట్లో మా అప్ప, నాకు పెద్దది, తోడబుట్టింది. మా ఇంటికి మగదిక్కు నేదని మీ తాతని ఇల్లరికం తెచ్చుకున్నాం, జి.మాడుగుల అవతల నుంచి. ఒచ్చినపుడు ఒక గొడ్డలి, ఒక దుప్పటి. అంతే. రెండేళ్ళు దుక్కి దున్నినా ముసలమ్మ ఆడిని పేరెట్టి పిలవనేదు. ఒచ్చినోడు అనీది. ఒచ్చినోడికి గంజి పొయ్యి. ఒచ్చినోడు కర్రలు తెచ్చినాడా. ఆడు ఎదురుగుండా ఉన్నా అంతే.

ఇప్పుడు ఇటుకల పండగ సంగతి, ఎండలప్పుడు ఒచ్చీది. నువ్వు సూసినావు కదా, ఇప్పుడైతే రోడ్డుకి కర్ర అడ్డమెట్టి కార్లాపి డబ్బులడుగుతారు, అదే పండగనుకుంతన్నారు. అప్పుడు మగోళ్ళంతా ఏటకెళ్ళాల. కుందేలో, అడివికోడో, ఏదో ఒకటి తేవాల. ఒట్టి సేతుల్తో ఒచ్చినోడి మీద ఊరి మొగదల ఆడోళ్ళు నిలబడి పేడనీళ్ళు కొడతారు. ఊర్లో పుట్టినోడైతే తుడుసుకుని నవ్వీసి ఎళ్ళిపోతాడు. ఇల్లరికపోడి మీద పడితే ఏడాదంతా ఆడికి అదే పేరు. అంతకు ముందేడు మీ తాతకి పడ్డాది. మా అప్పే కొట్టింది. తలంటినట్టు కొట్టింది.

ఆ ఏడు సాయంత్రం ఒచ్చినారు మగోళ్ళు. ఒకడికి కుందేలు, ఇద్దరికి కోళ్ళు, కొందరికి ఏమీ నేదు. మీ తాత అందరికంటే ఎనక, తువ్వాలు మూట కట్టి పొట్టకి హత్తుకుని నడుస్తన్నాడు.

ఏటి మరిదీ, ఏటి తెచ్చినావు? అని మా అప్ప ముంత ఎత్తింది.

మూట ఇప్పేడు. లోపల నా గుప్పెడంత ఉన్నాది. నల్ల బొచ్చు, ఎర్రగా ముడతలు పడ్డ మొకం, నూరేళ్ళ ముసల్దానిలాగ. కోతిపిల్ల. పుట్టి పది రోజులు కూడా ఉండదు.

ఇది ఏట కాదు, అన్నాది మా అప్ప.

ఏటే. ఏటకెళ్ళి తెచ్చినాను కదా, అన్నాడు మీ తాత.

మా నాయుడు, అంటే ఊరి పెద్ద, ఒచ్చి వొంగి సూసినాడు. బతికున్నది తేకూడదని ఎక్కడా నేదు, అన్నాడు. అప్పుడు మా అప్ప ముంతలో సగం నేల మీద పారబోసి, సగం మీ తాత మీద కొట్టింది. పిల్ల మీద పడకుండా కాళ్ళకి కొట్టిందనుకో. మా అప్పకి న్యాయం తెలుసు.

ఏటయిందంటే, కుక్కలు. నీళ్ళకి దిగిన తల్లిని ఊర్లో కుక్కలు కమ్మీసినాయి. మీ తాత కర్రట్టుకుని ఎళ్ళీసరికే అయిపోనాది. కానీ తల్లి బోర్లా పడి ఉన్నాదంట, పొట్ట కింద ఇది కరుసుకుని. ఊడదీత్తే రానేదంట. ఒక్కో ఏలూ ఇప్పాల్సొచ్చింది. తల్లికి ఎడం సేతి ఏలొకటి నేదు అన్నాడు. అది ఇనగానే నాకు అది ఎవులో తెలిసిపోనాది. ఎలగ తెలిసిందో సెప్తాను, ఉండు.

శుక్రారం దొరికింది కాబట్టి సుక్రి అన్నాం. మా కాడ వారాన్ని బట్టే కదా పేర్లు. ఊర్లో అప్పటికే నలుగురు సుక్రిలున్నారు. ఎవులూ తప్పు పట్టనేదు.

ఇప్పుడు దానికి పాలు కావాల. నీకైతే పేకెట్టు పాలు. మాది ఆవుపాలు పితికే ఊరు కాదు. ఆవులున్నాయి, మంద ఉన్నాది. కానీ పాలు దూడవి. దూడ నోటికాడది తీసుకుంటే దొంగతనం. మేం తాగితే నల్లటీ. కిందనుంచి ఒచ్చిన యాపారులు ఇన్నావులెట్టుకుని పాలు నేవేటి అని నవ్వీవోరు. ఆళ్ళకి దూడ సంగతి సెప్తే ఇంకా నవ్వీవోరు. పాలపిండి డబ్బా కొనాలంటే మూడు రోజుల కూలి. ఎవుడిస్తాడు కోతికి.

సోళ్ళంబలి, మీ పుస్తకాల్లో రాగులంతారు కదా అయ్యే, పలచగా కాసి ఏలుతో నాకించినాను. నాకింది. పొట్ట ఉబ్బిపోనాది. మర్నాటికి తల వాల్చీసింది. అప్పుడు దిసారి కాడికి ఎత్తుకెళ్ళినాను. దిసారి తెలుసు కదా, మంచీ సెడ్డా సూసి సెప్పీ పూజారి. ముసలమ్మా ఒచ్చింది నా ఎనక, మీయమ్మనెత్తుకుని.

దిసారి సుట్ట ముట్టించినాడు. ఆవుపాలు దూడవి, అది కుదరదు, అన్నాడు. మేకపాలూ అంతే. నీ పాలు నీవి. ఇచ్చుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం.

ముసలమ్మ లేసింది. అదెలగ, అన్నాది. ఆవుపాలు దూడవైతే దీని పాలు నా మనవరాలివి. దూడనడక్కుండా తీయకూడదంతావు, గుంటనడక్కుండా ఎలగ తీయిత్తావు?

దిసారి సుట్ట సగం కాలీదాకా ఆలోసించినాడు. అప్పటికి వాకిట్లో ఊరంతా కూకున్నారు, పనిపాటా నేకుండా, పండగ రోజులు కదా. అయితే గుంటని అడగండి, అన్నాడు.

మీయమ్మకి మూడో నెల. సాప పరిసి ఇద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టినారు. మీయమ్మ ఎటో సూత్తా సూత్తా దాని బొచ్చు పట్టుకున్నాది. పట్టుకుని ఒదల్నేదు. అది మీయమ్మ బొటనేలు పట్టుకున్నాది. అదీ ఒదల్నేదు.

ఒప్పుకున్నాది, అన్నాడు దిసారి.

గుంటకి ఏది దొరికితే అది పట్టుకుంతాది. నిన్న నా సెవి పట్టుకున్నాది, అన్నాది ముసలమ్మ.

నీ సెవికీ ఒప్పుకున్నాదనుకో, అన్నాడు. తీర్పయిపోనాది. కానీ ముసలమ్మ ఊరుకోదు కదా, ఒక షరతెట్టింది. ముందు గుంట, గుంట ఒదిలేక కోతి. మీయమ్మ అప్పుడప్పుడూ కావాలనే ఒదిలీది కాదు. ఇప్పుడు ఆఫీసులో పనయిపోయినా ఇంకా కంప్యూటరు బొత్తాలు నొక్కుతా గంటసేపు కూకోబెడతాది కదా జనాల్ని, ఆ బుద్ది అప్పట్నుంచే.

సిగ్గేటి నీకు, అలగ నవ్వుతావు. ఒక పక్క మనిషిపిల్ల, ఒక పక్క కోతిపిల్ల. నొప్పి ఒకటే. కోతి కొరకనేదు, మీయమ్మ కొరికింది.

ఇంక సూడు, పెరగడం. సుక్రి రెండు వారాలకి నడిసింది, తూలుతా తూలుతా. నెలకి గుంజెక్కింది. రెండో నెలకి జామాకు నమిలింది. మీయమ్మ ఎక్కడ పెడితే అక్కడే, సోళ్ళ బస్తాలాగ. ముసలమ్మ ఇద్దర్నీ సూసి సూసి, మన గుంటకి ఏటన్నా లోపమేటే అన్నాది. నాకూ బెంగెట్టింది, అబద్దమెందుకు. ఊర్లో ఆడోళ్ళు ఒచ్చి కోతి కూకున్నాది, మీది ఇంకా కూకోనేదేటి అనీవోరు. మనిషికి మనిషితోనే పోలిక ఎట్టాల, ఆ బుద్ది ఎవులికీ రానేదు. ఎదురుగా రెండున్నాయంటే పోల్సీత్తారు జనం.

ఒక్కటే ఇబ్బంది, దానికి పొద్దస్తమానం పట్టుకోడానికి బొచ్చు కావాల. కిందెడితే కీసుకీసుమని ఏడుపు. పాలకంటే కూడా అదే ముక్యం దానికి. పొట్ట నిండినా పట్టుకోడానికి నేకపోతే ఒణికిపోయీది. నా జుట్టు పట్టుకుంటే కుదుళ్ళు ఊడిపోతన్నాయి. ఒకరోజు పనుండి మీ తాత మీద పడీసినాను. మీ తాతకి రొమ్ము మీద బొచ్చు, నీకు తెల్దు, నువ్వు సూసీసరికి నెరిసిపోనాది. రెండు సేతుల్తో, రెండు కాళ్ళతో కరుసుకుని అలాగే నిద్రపోనాది. ఇంక అదే దాని సోటు. ఆడు కర్రలు కొడతన్నా అక్కడే, దున్నుతన్నా అక్కడే. మా ఇంట్లో మీ తాతని కోరి ఎతుక్కున్నది ముందు అదే. తరవాత నాననుకో.

ఇప్పుడు దాని తల్లి ఎవులో నాకెలగ తెలిసిందో సెప్తాను. పెళ్ళికి ముందు నుంచీ కొండంచు సేలకి కాపలా నాదే. మంచె మీద నాను, ఒక డబ్బా, ఒక కర్ర. కోతులొత్తే డబ్బా కొట్టాల. ఒక్కదాన్నే పొద్దల్లా కూకుంటే ఏం సేత్తావు, ఆటినే సూత్తావు. ఆళ్ళది అమ్మ తరపు ఇల్లు. తల్లీ కూతుళ్ళూ మనవరాళ్ళూ ఒకే కాడ. మగపిల్లడు నాలుగైదేళ్ళొచ్చీసరికి ఎళ్ళిపోతాడు ఇంకో మందలోకి. అక్కడ ఆడు ఒచ్చినోడు. అంచున కూకుంతాడు. ఎవులి కళ్ళలోకీ సూడ్డు. ఎవులో ఒకలు ఈపు తిప్పి సూపిత్తే పేలు సూత్తాడు. అలగ నెలలు గడిసేక కాస్త లోపలికి రానిత్తారు. నాను ఇది మీ తాతకి సెప్పినాను, పెళ్ళైన కొత్తలో. తెలుసు, అన్నాడు.

నేనప్పుడు అడ్డమొచ్చి, మరి పెద్ద మగకోతే కదా అమ్మమ్మా లీడర్ అన్నా. నా వంక చూసింది ఒకసారి.

నువ్వూ అదే అంతావు. అందరూ అదే అన్నారు. దాని వల్లే సుక్రి తోక తెగింది. సెప్తన్నాను కదా.

ఆ మందలో ఒక ముసల్దుండీది, సెవి తెగింది. అది లేత్తే మంద లేసీది, అది కూకుంటే కూకునీది. పెద్దమగోడు రొమ్ము ఇరుసుకుని ముందు నడిసీవోడే, కానీ నాలుగడుగులేసి ఎనక్కి సూసీవోడు, సెవితెగింది ఒత్తందా నేదా అని. దాని కూతుళ్ళలో ఆఖరిదాని మాటే పెద్ద మాట. పెద్దకూతురు తింతా ఉంటే ఆఖరిది ఒచ్చి నిలబడగానే పెద్దది సోటిచ్చీసి లేసిపోయీది. ఇది మా అప్పకి సెప్తే పది రోజులు నాతో మాటాడనేదు. ఆ ఆఖరి కూతురికే ఎడం సేతి ఏలు నేదు. తెలిసిందా? సుక్రి సెవితెగిందాని మనవరాలు.

వానలు తగ్గేక గొడవ మొదలైంది. సుక్రికి అయిదు నెలలు. కోడిగుడ్లు ఒకటీ మిగల్నేదు. దిసారి ఎండబెట్టుకున్న ఆకులన్నీ కలిపీసింది, జొరానికిచ్చీదేదో ఇరేచనాలకిచ్చీదేదో తెలీకుండా. ముసలమ్మ ముక్కెర లాగీసింది. హుకుంపేట సంతలో కోతుల్నాడించీవోడు ఒకడు డప్పట్టుకుని తిరిగీవోడు, మెడకి తాడేసిన ఒక కోతి. దానికి పళ్ళు నేవు, పీకీసినాడంట కరవకుండా. ఆడు సుక్రిని మీ తాత రొమ్ము మీద సూసినాడు. ఆడదే కదా, సిన్నదే కదా, ఇచ్చీండి, సోళ్ళ కోతలప్పటి సంతకి మళ్ళీ ఒత్తాను అన్నాడు. 

ఇంటికొచ్చేక ముసలమ్మ తేల్సీసింది. సోళ్ళు కోతకొచ్చీదాకా సూత్తాను. ఆళ్ళోళ్ళు తీసుకుంటే సరే. నేకపోతే డప్పోడికిచ్చీడమే. ఇది పెద్దదయి మన గుంట మొకం గీరీసినాక ఏడిస్తే ఏం లాబం, అన్నాది. తప్పని అననేను. మీయమ్మ సెంప మీద ఉన్నాది కదా గీత, సెక్క గుచ్చుకున్నాదని సెప్తాది ఆఫీసులో. సెక్క కాదు.

నాకు ఆ డప్పోడి కోతి నోరే గుర్తొచ్చీది. అన్నం తింతంటే గుర్తొచ్చీది.

నాయుడికి సెప్పినాం. నాయుడు ఏటన్నాడంటే, మందకి నాయుడెవుడో ఆడికి అప్పగించాల, పద్దతి పెకారం. నాను సెవితెగిందాని సంగతి సెప్పబోయినాను. ఆడదానికి అప్పగిత్తే మగోడు ఊరుకుంతాడేటి అన్నాడు. మా నాయుడు ఏ తీర్పైనా ఇంటికెళ్ళి పెళ్ళాన్ని అడిగొచ్చి మరీ సెప్పీవోడు. అది ఆడికి గుర్తుండదు.

పదిమంది ఎళ్ళినారు గెడ్డ కాడికి, మంద నీళ్ళకి దిగీ కాడికి. బండ మీద పెద్దమగోడు కూకున్నాడు. సుక్రిని మీ తాత దించి, ఆడి ముందు ఎట్టి, ఎనక్కొచ్చీసినాడు. నాయుడు దండం కూడా ఎట్టినాడు. పెద్దమగోడు సుక్రిని సూసినాడు. ఆవులించినాడు, ఈ కోరలు అవుపడీలాగ. లేసి ఎళ్ళిపోనాడు. ఆడికేటి పట్టింది, పిల్లల్ని పెంచీది ఆడా? సుక్రికి పద్దతి తెల్దు కదా, ఆడి ఎనకే పరిగెట్టింది, రొమ్ము బొచ్చు పట్టుకుందామని. దానికి మగోడంటే మీ తాతే మరి. ఆడు గిర్రున తిరిగి తోక కొరికీసినాడు. మీ తాత మధ్యలో దూరి లాక్కున్నాడు. మీ తాత ముంజేయీ కొరికీసినాడు, పెద్దమగోడు. పదిమందీ పరిగెట్టినారు. నాయుడు ముందు.

ఇంటికొచ్చీసరికి రగతం. ముసలమ్మ పసుపు నూరింది. ముందు సుక్రి తోకకి రాసింది. తరవాత మీ తాత వంక సూసి, సోమన్నా, సెయ్యి సాపు, అన్నాది. ఆ ఇంట్లో ఆడి పేరు అదే మొదలు ఇనడం. మీ తాత అటూ ఇటూ సూసినాడు, సోమన్నెవుడో అని.

అప్పుడు నాను ముసలమ్మతో సెప్పినాను. ఇంక నాను సూసుకుంతాను, మగోళ్ళని రావొద్దని సెప్పు.

మొక్కజొన్న కంకి పాలు పోసుకుంతన్న రోజులవి. నాను మంచె దిగీసి మా సేను గట్టున కూకున్నాను, అడివి వైపు. డబ్బా మీ తాతకిచ్చీసినాను. మీయమ్మని ముసలమ్మకిచ్చి సుక్రిని వొళ్ళో ఎట్టుకున్నాను. మంద ఒచ్చింది. నాను కదల్నేదు. ఆటికి అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళు డబ్బా కొట్టినదానికి ఇవేళ ఏటయినాది అని. తరవాత కంకులు ఇరుసుకున్నాయి. నా సేలోవే ఇరిసినాయి, అవతల సేల వైపు మీ తాత నిలబడి డబ్బా కొడతన్నాడు, కట్టు కట్టిన సేత్తో. ఆడు సుక్రి వైపు సూడనేదు. ఒక్కసారీ సూడనేదు.

ఊర్లో గోల. కాపలా మనిషే కోతుల్ని మేపుతంది అన్నారు. నా సేను, నా మేపు, అన్నాది ముసలమ్మ. మీ సేలో ఒక్క కంకి పోయినా ఒచ్చి అడగండి. ఎవులూ రానేదు. మా సోమన్న డబ్బా అలాగ కొట్టీవోడు, పక్కూరోళ్ళకి కూడా నిద్ర నేదు.

నాను ఏం సేసీదాన్నంటే, సుక్రి బొచ్చు ఇడదీసి పేలు సూసీదాన్ని. అంతే. పొద్దల్లా అదే పని. మందకేసి సూడకూడదు, కళ్ళలోకి అసలు సూడకూడదు. పళ్ళు అవుపడీలాగ నవ్వకూడదు. ఆళ్ళల్లో పళ్ళు సూపించడమంటే బయమేసిందని. ఊరికే పెదాలు ఇలగ, సప్ సప్ సప్ మనాల. నీకేం సెయ్యను, దగ్గరికి రా అని. నువ్వు పెదాలు ఆడించకు, నీకు రాదు. సుక్రికి నాను ముందే నేర్పినాను, మంచె మీద సూసినదంతా. ఎంత నేర్సుకున్నాదో మరి.

మొదటి మూడు రోజులూ సెవితెగింది మా వైపే రానేదు. నాలుగో రోజు ఒక కంకి తెచ్చుకుని ఇక్కణ్ణుంచి ఆ పొయ్యంత దూరంలో కూకుని తిన్నాది. మర్నాడు కొంచెం ఇటు. మర్నాడు ఈపు తిప్పి కూకున్నాది, మాకు ఈపు సూపించి. మనుషుల్లో అయితే అది అలగడం. ఆళ్ళల్లో అది పిలవడం. సెయ్యి సాపి దాని ఈపు ముట్టుకోవాలనిపించింది నాకు. ముట్టుకోనేదు. నాను ముట్టుకోవాల్సింది కాదు కదా. సుక్రినే కొంచెం ముందుకి తోసినాను. సుక్రి నా కొంగు ఒదల్నేదు. ఆ రోజు అలాగే పోనాది.

అప్పటికి సోళ్ళు ఎర్రబడతన్నాయి. ముసలమ్మ సోళ్ళ కంకి ఒకటి కోసి నా ముందు ఎట్టింది. గింజ గట్టిపడింది. ఇంకో సంత అంతే ఉన్నాది. డప్పోడు ఒత్తానన్న సంత.

మర్నాడు సెవితెగింది ఒచ్చి పక్కనే కూకున్నాది. నా మోకాలికీ దానికీ మద్దెన సెయ్యంత కాళీ. దాని ఊపిరి ఇనబడతంది. కుళ్ళు పనసతొన వాసన. నాను సుక్రి ఈపు మీద ఇటు వైపు పేలు సూత్తన్నాను. అది సెయ్యి సాపి అటు వైపు మొదలెట్టింది. కొరికిన తోక కాడికొచ్చి ఆగింది. వాసన సూసింది. నాకింది. సుక్రి బిగుసుకుపోనాది, పళ్ళు బయటెట్టింది. సెవితెగింది సప్ సప్ అన్నాది. నాను సేసినట్టు కాదు, నాది అడ్డదిడ్డం, దానిది ఇనీసరికి నాకే నిద్రొచ్చినట్టయింది. సుక్రీ సప్ సప్ అన్నాది.

ఎంతసేపో తెల్దు. సుక్రి సెయ్యొకటి నా కొంగు మీద, ఒకటి దాని బొచ్చు మీద. తరవాత కొంగు మీద సెయ్యి నేదు. సెవితెగింది ఒక్క లాగు లాగి పొట్ట కిందేసుకున్నాది. లేసింది.

నాను కూడా లేసినాను. ఎందుకు లేసినానంటే ఏటి సెప్పను, ఇంకోసారి ముట్టుకుందామని. ఒక్క అడుగేసినాను. సెవితెగింది తిరిగింది. నోరు గుండ్రంగా తెరిసి, కళ్ళు ఇంతేసి సేసి, తలాడించి నన్ను బెదిరించింది. నా సేలో నా మొక్కజొన్న తిని. పొట్ట కింద నుంచి సుక్రి తల తిప్పింది. నా పాలు తాగిందా, నా జుట్టు పీకిందా. అదీ నోరు తెరిసింది, ఇంత నోరు, సరిగ్గా ముసల్ది తెరిసినట్టే, గుండ్రంగా. అదీ తలాడించింది నా మీద.

నాను కళ్ళు దించుకున్నాను. ఎనక్కి రెండడుగులేసినాను. ఆళ్ళింట్లో ఆళ్ళ పద్దతి కదా. అప్పుడే తెలిసింది నాకు, డప్పోడు ఇంక ఒచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

మంద లేసి ఎళ్ళిపోనాది. పెద్దమగోడు ముందు నడిసినాడు, ఎనక్కి సూసుకుంతా.

ఇంటికొచ్చీసరికి మీయమ్మ ఏడుస్తంది. పాలిచ్చినాను. తాగి ఒదిలీసింది బేగి. ఒదిలీసి, ఎవులన్నా రావాలన్నట్టు పక్కకి సూసింది. నానూ ఇంకో పక్క పవిట సర్దుకోనేదు కాసేపు. మీ తాత వాకిట్లో కూకుని కట్టు ఇప్పుకుంతన్నాడు. రొమ్ము గోక్కున్నాడు ఒకసారి.

తరవాతా? తరవాత ఏటుంది. ఆ మంద చాన్నాళ్ళు ఒచ్చింది. తోక మొండిదొకటి సెవితెగిందాని పక్కన కూకునీది, తరవాత దానికీ పిల్లలు. నాను డబ్బా కొట్టీదాన్ని. కొట్టాలి కదా, సేను కదా. తరవాత కాఫీ తోటలొచ్చినాయి, మొక్కజొన్న ఎయ్యడం తగ్గిపోనాది, ఆళ్ళూ అటు సీలేరు వైపు ఎటో...

అయిపోనాదేటి కొట్టడం? సోమారం నువ్వు ఆ యిశాపట్నం హాస్టలుకి ఎళ్ళిపోతావు కదా. ఎళ్ళు. ఎవులేటన్నా మొదటి నెల అంచునే కూకో, తొందరపడి ఎవులి మీదా పడకు, ముందు ఎవులు ఎవులికి సోటిత్తన్నారో సూసుకో. నీకు కడుపు నిండా తిండి దొరకాల. పక్కన కూకుని నీ తలలో పేలు సూసీవోళ్ళు ఒకలైనా దొరకాల, ఇంకేటి కావాల మనిషికి. ఏటి, పేలు నేవా? సరే నేకపోతే నేదు. ఇలగ రా, తల ఇలగెట్టు, సూత్తాను... ఆ ఫోను పక్కనెట్టు...